60 డేటా లాగర్లకు బాక్సు: ఖర్చు ఎక్కడ పడింది, ఎక్కడ తగ్గింది

చిన్న విడతల్లో పరికరాలు తయారు చేసేటప్పుడు బోర్డు మీది ప్రతి రెసిస్టర్ ధరా బీఓఎంలో (విడిభాగాల జాబితాలో) ఉంటుంది. బాక్సుకు మాత్రం చివర్లో ఒకే వరుస, అందులో ఒక ఉజ్జాయింపు అంకె. తయారీ మొదలయ్యాక ఆ ఒక్క వరుసే చాలాసార్లు బోర్డు ఖర్చుకు దీటుగా నిలుస్తుంది. ఈ కేసులో ప్లాస్టిక్‌కు అయింది కొంచెమే. మిగతాదంతా కటౌట్లకూ (కనెక్టర్లకు, బటన్లకు గోడల్లో కోసే రంధ్రాలకూ), చేతిపనికీ, మార్పులకూ పోయింది. అందుకే లెక్క విడమరచి చెబుతున్నాం.

పరికరం: గోదాముల్లో ఉష్ణోగ్రత, తేమ రికార్డ్ చేసే డేటా లాగర్. మొదటి విడత 60, రెండో విడత 300. బోర్డు 90 × 60 మి.మీ., మందం 1.6. దాని మీద యూఎస్‌బీ టైప్-సీ సాకెట్, బయటి సెన్సర్ వైర్లకు 5.08 మి.మీ. పిచ్‌లో (పిన్నుల మధ్య దూరం) మూడు పిన్నుల టెర్మినల్ బ్లాక్, రెండు బటన్లు, ఒక ఎల్‌ఈడీ, 1.3 అంగుళాల ఓఎల్‌ఈడీ, వైఫై మాడ్యూల్. బాక్సు సంగతి తలపెట్టే నాటికి బోర్డు లేఅవుట్ పూర్తయి ఉంది. యూఎస్‌బీ ఎడమ అంచున, టెర్మినల్ కుడి అంచున, బటన్లు ముందు అంచున, డిస్‌ప్లే పైన. రూటింగ్‌కు (బోర్డు మీద రాగి గీతలు నడిపించడానికి) ఏది అనుకూలమో అదే చేశారు. ఫలితంగా బాక్సుకు నాలుగు వైపులా కటౌట్లు కావాల్సి వచ్చాయి. ఖర్చు పెరగడానికి మూలం ఇదే.

లెక్క వేసిన పద్ధతి

ధరలు చోటును బట్టి, కాలాన్ని బట్టి మారిపోతాయి కాబట్టి ఇక్కడ అంతా పాయింట్లలో చెబుతున్నాం. బయటి కొలత సుమారు 104 × 74 × 32 మి.మీ. ఉన్న ఖాళీ రెడీమేడ్ ఏబీఎస్ ప్లాస్టిక్ బాక్సు ధర 100 పాయింట్లు అనుకుందాం. ఒక నిమిషం చేతిపని 5 పాయింట్లు, అంటే 20 నిమిషాల పని ఒక ఖాళీ బాక్సుతో సమానం. మీ దగ్గర ఈ నిష్పత్తి వేరైతే అంకెలు మారతాయి గానీ లెక్క వేసే తీరు మారదు.

ప్రతి పద్ధతికీ రెండే అంకెలు కావాలి. ఒకటి, ఎన్ని చేసినా ఒక్కసారే అయ్యే ఖర్చు: డ్రాయింగ్, జిగ్ (పనిముక్కను ఒకే చోట పట్టి ఉంచే బిగింపు), ప్రోగ్రామ్, మౌల్డ్ (ప్లాస్టిక్ పోసే అచ్చు). రెండోది, ప్రతి బాక్సుకూ అయ్యే ఖర్చు: మెటీరియల్, యంత్రం సమయం, చేతిపని, స్క్రూలు, లేబుల్, పాడైపోయినవాటి వాటా. చేతిపనిని స్టాప్‌వాచ్ పెట్టి కొలవాలి. "ఓ రెండు నిమిషాలు పడుతుందిలే" అని కాగితం మీద వేసే పని బల్ల మీద ఆరు నిమిషాలు తింటుంది. కొలవకపోతే కొటేషన్లన్నీ ఒకేలా కనిపిస్తాయి.

రెడీమేడ్ బాక్సుకు సీఎన్‌సీ కోతలు

మొదట చూసింది ఇదే: కంప్యూటర్ నడిపే కట్టర్ యంత్రంతో (సీఎన్‌సీ) కోయించడం. బాక్సు 100. కోతలకు 110. కట్టర్ తిరిగేది నాలుగే నిమిషాలు. కానీ నాలుగు వైపులంటే బాక్సును నాలుగు సార్లు విప్పి మళ్లీ బిగించాలి, ఆ తర్వాత అంచుల బర్ (కోతలో మిగిలే గరుకు పీచు) తీయాలి. యంత్రం పనికంటే మనిషి పనే ఎక్కువ. పైన లేబుల్‌కు 30, పాడైనవాటికి 10. మొత్తం బాక్సుకు 250. ఒక్కసారి ఖర్చు, అంటే జిగ్, ప్రోగ్రామ్, డ్రాయింగ్ కలిపి 3,600. అది 60 మీద పంచితే 60. వెరసి 310.

ఇందులో ఎక్కువగా తప్పేది కొలత. బాక్సు తయారీదారు డ్రాయింగ్‌లో లోపలి కొలత చూసి బోర్డు గీస్తే అది అడుగున పట్టదు. మౌల్డ్ నుంచి ఊడి రావడానికి గోడలకు వాలు ఇస్తారు. 1 డిగ్రీ వాలుంటే 30 మి.మీ. లోతులో ఒక్కో గోడ అర మిల్లీమీటరు పైగా లోపలికి వస్తుంది. రెండు వైపులా కలిపితే ఒక మిల్లీమీటరు పోయినట్టే. బోర్డు కూర్చునే ఎత్తులో వెర్నియర్ పెట్టి కొలిచిందే నమ్మాలి. అదీ ఒక బాక్సు కాదు, నాలుగైదు కొలవాలి.

ఇంకోటి, గుండ్రటి కట్టర్‌తో లోపలి మూల చదరంగా రాదు. 2 మి.మీ. కట్టర్ 1 మి.మీ. రేడియస్ వదులుతుంది. డిస్‌ప్లే విండో డ్రాయింగ్‌లో చదరపు మూలలు గీసి పంపితే, వర్క్‌షాపు వాళ్లు మూలల్ని ఆకురాయితో చేత్తో తీసి, ఆ నిమిషాలూ బిల్లులో వేస్తారు. డ్రాయింగ్‌లో ముందే 1 మి.మీ. రేడియస్ చూపిస్తే ఆ ఖర్చు ఉండదు.

సొంతంగా 3డీ ప్రింటింగ్

ప్రింటర్ చేతిలో ఉంటే బాక్సు ఉచితం అనిపిస్తుంది. ఈ లెక్క చూడండి. 2.4 మి.మీ. గోడతో ఇదే సైజు బాక్సు, మూత కలిపి సుమారు 60 ఘన సెం.మీ. వాడే ప్లాస్టిక్ పీఈటీజీ, దాని సాంద్రత 1.27 కాబట్టి 76 గ్రాములు. సపోర్టు (గాల్లో వేలాడే భాగాల కింద ప్రింటయ్యే తాత్కాలిక ఆధారం), వృథా కలిపితే 85. దానికి 34 పాయింట్లు. ప్రింటింగ్ సెట్‌కు 4 గంటలు, కరెంటు, నాజిల్ అరుగుదల, ప్రింటర్ తరుగు కలిపి గంటకు 15 చొప్పున 60. చేతిపని 14 నిమిషాలు: ప్లేటు ఖాళీ చేయడం 2, సపోర్టు తీయడం 4, రంధ్రాలు సరిచేయడం 2, నాలుగు ఇన్సర్టులు (స్క్రూ పట్టడానికి వేడిచేసి ప్లాస్టిక్‌లో దించే, లోపల మర ఉన్న లోహపు గొట్టాలు) దించడం 3, తనిఖీ 3. అది 70. ఇన్సర్టులు, స్క్రూలు 12, లేబుల్ 20, చెడిపోయిన ప్రింట్ల వాటా 14. మొత్తం 210. క్యాడ్ పని (కంప్యూటర్‌లో డిజైన్ గీయడం) 16 గంటలకు 4,800. అది 60 మీద 80. వెరసి 290.

ఫిలమెంట్ (ప్రింటర్‌లో కరిగే ప్లాస్టిక్ తీగ) వాటా ఇందులో ఆరో వంతు కూడా లేదు. చవక ఫిలమెంట్ కోసం వెతికే సమయాన్ని సపోర్టు అవసరం లేకుండా డిజైన్ మార్చడానికి వాడితే నాలుగు నిమిషాలు, అంటే 20 పాయింట్లు నేరుగా మిగులుతాయి. పక్క గోడలోని యూఎస్‌బీ రంధ్రం పైఅంచును 45 డిగ్రీల వాలుతో గీయడం, బాసులను (స్క్రూలు దిగే గుండ్రటి దిమ్మెలను) గాల్లో వేలాడదీయకుండా అడుగు నుంచే లేపడం, బాక్సూ మూతా వేరువేరుగా బయటి ముఖం ప్లేటుకు ఆనేలా పెట్టడం. చాలావరకు ఇంతే.

ఎం3 హీట్ ఇన్సర్టుల దగ్గర జాగ్రత్త కావాలి. రంధ్రం సైజు ఇన్సర్టు తయారీదారు షీట్ ప్రకారమే పెట్టాలి. ఎం3కి సాధారణంగా 4 మి.మీ. చుట్టూ ఉంటుంది. బాసు బయటి వ్యాసం 8 ఉంటే చీలదు. రంధ్రం లోతు ఇన్సర్టు పొడవు కంటే 2 మి.మీ. ఎక్కువ ఉండాలి, లేకపోతే కరిగిన ప్లాస్టిక్ అడుగున చేరి స్క్రూకు అడ్డుపడుతుంది. సోల్డరింగ్ ఐరన్‌తో కొసదాకా నొక్కకూడదు. పది వంతుల్లో తొమ్మిది వంతులు దిగాక ఐరన్ తీసి, చల్లటి లోహపు పలకతో పైనుంచి అదిమితే ఇన్సర్టు అంచుతో సమానంగా, నిటారుగా నిలుస్తుంది. వంకరగా దిగితే నాలుగో స్క్రూ బిగించేటప్పుడు బోర్డు వంగుతుంది. బోర్డు వంగితే ముందు దెబ్బ తినేవి సిరామిక్ కెపాసిటర్లు.

మెటీరియల్ విషయంలో, పీఎల్ఏ అనే ప్రింటింగ్ ప్లాస్టిక్ ఇలాంటి పరికరానికి పనికిరాదు. 60 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మెత్తబడుతుంది, ఎండలో నిలిపిన వాహనంలో బాక్సు వంగిపోతుంది. పీఈటీజీ 80 దాకా, ఏబీఎస్, ఏఎస్ఏ 100 దాకా నిలుస్తాయి. ఎండలో ఉండేదైతే ఏఎస్ఏ మేలు.

60 వరకు ఇది నడుస్తుంది. 300 అంటే 1,200 యంత్ర గంటలు, 70 గంటల చేతిపని. మూడు ప్రింటర్లు రోజుకు 20 గంటలు ఆగకుండా తిరిగినా 20 రోజులు. అన్ని రోజుల్లో ఒక నాజిల్ పూడుకుపోవడమో, ఒక రీల్ తేమ పట్టడమో తప్పకుండా జరుగుతుంది.

పక్కన పెట్టినవి

నైలాన్ పౌడర్ ప్రింటింగ్ బయట చేయించడం: పీఏ12తో వచ్చే బాక్సు గట్టిది, సపోర్టు మచ్చలుండవు. ఘన సెంటీమీటరుకు 10 పాయింట్ల కొటేషన్‌తో 60 ఘన సెం.మీ. అంటే 600. గోడ 1.6కి తగ్గించి 40కి తెచ్చినా 400. ఇన్సర్టులు, చేతిపని, లేబుల్, క్యాడ్ కలిపితే 540 దగ్గర తేలింది. పైగా పలుచని చదును మూతలు ఒంగే స్వభావం ఉంది. పది, పదిహేను నమూనాలకు మాత్రం దీనికి సాటి లేదు.

వాక్యూమ్ కాస్టింగ్‌లో (సిలికాన్ అచ్చులో రెసిన్ పోసి చేయడం) ఒక సిలికాన్ మౌల్డ్ సుమారు 20 కాస్టింగులకే అరిగిపోతుంది. 60 సెట్లకు మూడు మౌల్డులు చేయాలి, కాబట్టి సంఖ్య పెరిగినా ధర దిగదు.

లేజర్‌తో కోసిన యాక్రిలిక్ పలకలు చూడ్డానికి బాగుంటాయి. కానీ లేజర్ కోసిన అంచుల్లో ఒత్తిడి మిగిలిపోతుంది. ఎవరైనా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే సన్నని పగుళ్లు తేలతాయి, స్క్రూ బిగించిన చోట చీలుతుంది. అమ్మే పరికరానికి వద్దు.

బోర్డునే మార్చడం

ఖర్చు తగ్గింది ఇక్కడ. రెండు చివర్లలో ఊడదీయగలిగే ప్యానెళ్లున్న ప్లాస్టిక్ బాక్సులు రెడీమేడ్‌గా దొరుకుతాయి. బాక్సు ఒళ్లు ముట్టుకోకుండా, అన్ని కటౌట్లూ ఆ రెండు చదును ప్యానెళ్లలోనే పెడితే మిల్లింగ్ అవసరమే ఉండదు. ఆ ప్యానెళ్లను పీసీబీగా (సర్క్యూట్ బోర్డుగా) ఆర్డర్ చేయాలి. రంధ్రాలు, కటౌట్లు, అక్షరాలు, లోగో అన్నీ ఒకే గెర్బర్ ఫైళ్ల కట్టలో (పీసీబీ ఫ్యాక్టరీకి పంపే డ్రాయింగ్ ఫైళ్లు) వెళ్తాయి. పీసీబీ ఫ్యాక్టరీ వాటిని మామూలు బోర్డుల్లాగే కోసి, సిల్క్‌స్క్రీన్ (బోర్డు మీది అక్షరాల ముద్ర) వేసి పంపుతుంది. లేబుల్ ఖర్చు కూడా మాయం.

దీనికోసం బోర్డు లేఅవుట్ మళ్లీ గీయాల్సి వచ్చింది. యూఎస్‌బీ, బటన్లు, ఎల్‌ఈడీ, డిస్‌ప్లే ఒక చివరకు. టెర్మినల్ రెండో చివరకు. 1.3 అంగుళాల డిస్‌ప్లే నిలువు ప్యానెల్‌లో పట్టదు కాబట్టి 0.91 అంగుళాల 128 × 32 ఓఎల్‌ఈడీకి మారారు. ఉష్ణోగ్రత, తేమ అనే రెండు అంకెలకు అది చాలు. వైఫై మాడ్యూల్ యాంటెన్నా బాక్సు పక్క గోడవైపు తిప్పారు, చుట్టూ 15 మి.మీ. వరకు రాగి, స్క్రూలు లేకుండా చూశారు.

ఖర్చు: ప్యానెళ్లున్న బాక్సు 120, రెండు ఎఫ్ఆర్4 (పీసీబీలకు వాడే గాజుపీచు పలక) ప్యానెళ్లు కలిపి 40, బిగించడానికి 2 నిమిషాలు 10. మొత్తం 170. ప్యానెళ్ల డిజైన్ 6 గంటలు, 1,800. బోర్డు మళ్లీ గీసి కొత్త నమూనాలు తెప్పించడానికి 4,200. ఈ 6,000 మొత్తాన్ని 60 మీదే వేస్తే ఒక్కోదానికి 100, వెరసి 270. ప్రింటింగ్ కంటే 20 మాత్రమే తక్కువ. బాక్సు ముందు ఎంచుకుని ఆ తర్వాత బోర్డు గీసి ఉంటే ఆ 4,200 ఉండేది కాదు, మొదటి విడతలోనే 200కు వచ్చేది. 300 విడతకు ఒక్కసారి ఖర్చు ఇక లేదు కాబట్టి తేడా పూర్తిగా కనిపిస్తుంది. ప్యానెల్ దారిలో 170, ప్రింటింగ్‌లో 210, సీఎన్‌సీలో 250. సీఎన్‌సీతో పోలిస్తే 300 బాక్సుల మీద 24,000 పాయింట్లు, అంటే 240 ఖాళీ బాక్సుల ధర మిగిలింది.

ప్యానెల్ గీసేటప్పుడు

మందం మొదట చూడాలి. బాక్సు గాడిలో ఎంత మందం పట్టేలా చేశారో దాన్ని బట్టి పీసీబీ మందం. 1.6 పీసీబీకి మామూలుగా 10 శాతం అటూఇటూ ఉంటుంది, అంటే 1.44 నుంచి 1.76 దాకా రావచ్చు. 1.5 మి.మీ. ప్యానెల్ కోసం చేసిన గాడిలో 1.7 వచ్చిన విడత దిగదు. గాడి బిగుతుగా ఉంటే 1.2 ఆర్డర్ చేసి, వెనక సన్నని ఫోమ్ టేపు వేయడం నయం.

ప్యానెళ్లను షీటులోంచి విడదీసే తీరు కూడా ముందే ఆలోచించాలి. చిన్న రంధ్రాల వరుసతో కలిపి ఉంచిన ట్యాబులు విరిచాక అంచున పళ్లలా మిగులుతాయి, అవి గాడిలో అడ్డుపడతాయి. ట్యాబులు గాడిలోకి వెళ్లని అంచున పెట్టాలి. అలాంటి అంచు లేకపోతే వీ-కట్ (విరవడానికి వీలుగా వీ ఆకారపు గాడి) అడగాలి. గీకి సరిచేయాల్సి వస్తే నీళ్లు చల్లి, మాస్కు పెట్టుకుని గీకాలి. ఎఫ్ఆర్4 ధూళిలో గాజు పీచు ఉంటుంది.

యూఎస్‌బీ టైప్-సీ కటౌట్‌లోనే ఎక్కువమంది చిక్కుకుంటారు. సాకెట్ నోటి సైజు 8.34 × 2.56 మి.మీ. చూసి 9 × 3.2 రంధ్రం పెడితే బల్ల మీద అంతా బాగానే ఉంటుంది. వాడుకరి తన కేబుల్ పెట్టేసరికి ఛార్జింగ్ ఒకసారి వస్తుంది, ఒకసారి పోతుంది. ప్లగ్ లోహపు మూతి పొడవు 6.65 మి.మీ. మాత్రమే. దాని వెనకున్న ప్లాస్టిక్ పిడి ప్యానెల్‌కు ఆనుకుని ఆగిపోతే, ప్యానెల్ మందం 1.6, సాకెట్ వెనక్కున్న ఖాళీ 0.8 కలిసి 2.4 మి.మీ. లోపలికి వెళ్లకుండా పోతుంది. అందుకే పిడి కూడా దూరేలా కోయాలి. ప్రమాణం ప్రకారం పిడి గరిష్ఠంగా 12.35 × 6.5 ఉండొచ్చు కాబట్టి కటౌట్ 13 × 7.2, మూలలు గుండ్రంగా. సాకెట్ చుట్టూ ఖాళీ కాస్త అసహ్యంగా కనిపిస్తుంది, నిజమే. సాకెట్‌ను బోర్డు అంచు దాటించి, దాని నోరు ప్యానెల్ బయటి ముఖంతో సమానంగా వచ్చేలా పెట్టగలిగితే చిన్న రంధ్రం చాలు. కానీ అప్పుడు బోర్డును పైనుంచి నేరుగా దించలేరు, ప్యానెల్‌తో కలిపి జార్చాలి. అసెంబ్లీ క్రమం ముందే ఒకసారి చేసి చూడాలి.

ఎల్‌ఈడీకి రంధ్రం అక్కర్లేదు. ప్యానెల్‌లో ఎల్‌ఈడీ ఎదురుగా 3 మి.మీ. వృత్తంలో రెండు వైపులా రాగి, సోల్డర్ మాస్క్ (బోర్డు మీది రంగు పూత) రెండూ లేకుండా చేస్తే ఉత్త ఎఫ్ఆర్4 గుండా వెలుగు మెత్తగా వస్తుంది, దుమ్ము దూరే దారి ఒకటి తగ్గుతుంది. ఎఫ్ఆర్4 పసుపు ఛాయ వల్ల తెల్ల ఎల్‌ఈడీ వెచ్చగా కనబడుతుంది, ఆకుపచ్చ, ఎరుపు బాగుంటాయి. డిస్‌ప్లేకు మాత్రం విండో కావాలి: వెలిగే భాగం 22.4 × 5.6, కటౌట్ 23.5 × 6.7, వెనక నుంచి పారదర్శక పాలీకార్బొనేట్ ఫిల్మ్ అతికించాలి. బటన్ పిన్ను 3.5 మి.మీ. అయితే రంధ్రం 4.2. అంతకంటే బిగుతుగా పెడితే బోర్డు అర మిల్లీమీటరు జరిగినా బటన్ నొక్కుకుపోయి అలాగే ఉండిపోతుంది.

సిల్క్‌స్క్రీన్ అక్షరాలు ఫ్యాక్టరీ 1 మి.మీ. ఎత్తు దాకా వేస్తుంది గానీ చేతిదూరం నుంచి చదవాలంటే 2 మి.మీ. పైన ఉండాలి. మ్యాట్ నలుపు మీద తెలుపు బాగా కనబడుతుంది, గీతలూ అంతే బాగా కనబడతాయి. ప్యానెళ్ల మధ్య కాగితం పెట్టి పంపమని ఆర్డర్‌లో రాయాలి. ఫ్యాక్టరీ తన ఆర్డర్ నంబరును సిల్క్‌స్క్రీన్‌లో ముద్రించే అలవాటుంటే, అది లోపలి వైపు రావాలని స్పష్టంగా చెప్పాలి. చెప్పకపోతే లోగో పక్కనే వస్తుంది.

గెర్బర్ పంపే ముందు ప్యానెల్‌ను కాగితం మీద 100 శాతం స్కేల్‌లో ప్రింట్ తీసి, 1.5 మి.మీ. అట్టకు అతికించి, కత్తితో కోసి, అసలు బాక్సులో అసలు బోర్డుతో పెట్టి చూడాలి. అరగంట పని. ప్రింటర్ డైలాగులో పేజీకి సర్దే ఆప్షన్ ఆన్‌లో ఉంటే స్కేల్ తప్పుతుంది, అందుకే కాగితం మీద 100 మి.మీ. గీత ఒకటి గీసి కొలవాలి.

ఈ దారి ఎక్కడ పనికిరాదు

గాడిలో జార్చిన ప్యానెల్ నీళ్లు ఆపదు. కడిగే చోట, వానలో పెట్టాల్సిన పరికరానికి గాస్కెట్ ఉన్న బాక్సు, కేబుల్ గ్లాండులు (కేబుల్ చుట్టూ నీరు దూరకుండా బిగించే మూతులు) తప్పవు. ఐఈసీ 60529 ప్రకారం ఐపీ65 (దుమ్ము, నీటి ధారను ఆపే రేటింగ్) అని రాసి ఉన్న బాక్సు కొని దానికి యూఎస్‌బీ కటౌట్ కోస్తే, ఆ రేటింగ్ అక్కడితో పోయినట్టే. సీల్ ఉన్న కనెక్టర్ పెట్టి మళ్లీ పరీక్షిస్తే తప్ప ఆ అంకె వాడకూడదు. మెయిన్స్ కరెంటు లోపలికి వచ్చే పరికరమైతే ప్లాస్టిక్‌కు యూఎల్ 94 వీ-0 వంటి మంట నిరోధక రేటింగ్ అడుగుతారు. అప్పుడు సొంత ప్రింటు బాక్సుల ప్రసక్తే ఉండదు.

అల్యూమినియం బాక్సు ఇంకా గట్టిది, కానీ లోపలున్న పీసీబీ యాంటెన్నా మూగబోతుంది. బయటి యాంటెన్నా, దాని కేబుల్, కనెక్టర్ కలిపి చూసుకోవాలి.

మౌల్డ్ ఎప్పుడు

రెండో విడత అనగానే ఇంజెక్షన్ మౌల్డ్ (కరిగిన ప్లాస్టిక్‌ను ఒత్తిడితో నింపే లోహపు అచ్చు) మాట వచ్చింది. అల్యూమినియం మౌల్డ్, బాక్సూ మూతా ఒకే మౌల్డ్‌లో: 60,000. మౌల్డింగ్‌కు తగ్గట్టు 40 గంటల క్యాడ్: 12,000. ఆపైన ఒక్కో సెట్ 90: ప్లాస్టిక్, స్క్రూలు, లేబుల్, బిగింపు కలిపి. 170 నుంచి 90 తీస్తే సెట్‌కు 80 మిగులుతుంది. 72,000ను 80తో భాగిస్తే 900. అంటే 900 సెట్లు దాటాకే మౌల్డ్ తన ఖర్చు తాను రాబడుతుంది. 300కే చేస్తే ఒక్కోటి 330 పడుతుంది. చేయలేదు.

ఆ 900 కూడా మార్పులు లేవనుకుంటేనే. మౌల్డ్‌లో ఒక్కో మార్పుకు 4,000 అనుకుంటే ప్రతి మార్పూ ఆ 900 గీతను మరో 50 సెట్లు ముందుకు జరుపుతుంది. మౌల్డ్ లోహాన్ని ఇంకా చెక్కడం తేలిక, చెక్కిన చోట తిరిగి నింపడం కష్టం. కాబట్టి సందేహం ఉన్న చోట ప్లాస్టిక్ తక్కువ వచ్చేలా మొదలుపెట్టి, ట్రయల్ ముక్కలు చూశాక చెక్కించుకుంటారు. స్క్రూ బాసుల లోపలి వ్యాసం, స్నాప్‌ల పట్టు, మూతకీ బాక్సుకీ మధ్య సందు ఇలాగే పెట్టాలి.

పక్క గోడలో రంధ్రం ఉంటే మౌల్డ్‌కు స్లైడు (పక్కకు కదిలే అచ్చు భాగం) కావాలి, స్లైడు అంటే ధర, అరుగుదల, ఆలస్యం. యూఎస్‌బీ రంధ్రం సగం బాక్సులో, సగం మూతలో పడేలా, రెండూ కలిసే గీత రంధ్రం మధ్యగా వెళ్లేలా గీస్తే స్లైడు తప్పుతుంది. గోడ మందం అంతటా ఒకేలా 2 మి.మీ., రిబ్బులు (గోడకు బలమిచ్చే సన్నని పట్టీలు) గోడలో సగం నుంచి 60 శాతం మందం. అంతకు మించితే బయటి ముఖం మీద గుంట పడుతుంది. గట్టిదనం కోసం గోడను 3 చేయడం కంటే రిబ్బులు పెంచడం మేలు, ఎందుకంటే చల్లారే సమయం మందం వర్గానికి అనుగుణంగా పెరుగుతుంది. 2 నుంచి 3కి వెళ్తే అది రెండింతలు దాటుతుంది, యంత్రం గంటలూ ఆ మేరకు పెరుగుతాయి.

ప్రస్తుతానికి 300కూ ప్యానెల్ దారే ఖరారైంది. బాక్సులు 330 ఒకేసారి కొన్నారు. అదే మోడల్ వచ్చే ఏడాది దొరుకుతుందన్న భరోసా లేదు, సర్వీసుకు వచ్చే పరికరాలకు మూతలు, గోడలు కావాలి. ప్యానెళ్లకు మాత్రం అదనపు నిల్వ పెట్టలేదు. గెర్బర్ ఫైల్ ఉంటే అవి ఎప్పుడు కావాలంటే అప్పుడు వస్తాయి.